వాచీ కంటే ముందు అమ్మేవాళ్ళను ఎంచుకోండి: ఆన్‌లైన్‌లో నకిలీ వాచీ తగలకుండా ఎక్కడ కొనాలి?

సాయంత్రం నాలుగూ ఇరవై రెండుకి గంటల ముల్లు, నిమిషాల ముల్లు ఒకదాని మీద ఒకటి వస్తాయి. మా మేనల్లుడి వాచీలో సరిగ్గా ఆ చోటే, డయల్‌కి కుడివైపు కింద, చిన్న డిజిటల్ కిటికీ ఉంటుంది. కాసియో జీ-షాక్ జీఏ-2100 అనే మోడల్ అది. ఎనిమిది పలకల నల్ల వాచీ, కాలేజీ పిల్లల్లో చాలామందికి ఇష్టమైనది. అసలు వాచీలో ముళ్ళు అంకెలకు అడ్డం వస్తే బటన్లు నొక్కి వాటిని పక్కకు జరిపే ఏర్పాటు ఉంది. వాడు యూట్యూబ్‌లో చూసి పదిసార్లు నొక్కాడు, ముళ్ళు కదల్లేదు. "మామయ్యా, కొత్త వాచీ అప్పుడే పాడైపోయిందా?" అని నాకు ఫోన్ చేశాడు. పాడవలేదు. అది కాసియో వాచీయే కాదు.

పదో తరగతి పాసైనందుకు మా అక్క ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన చూసి 1,899 రూపాయలకు తెప్పించింది. క్యాష్ ఆన్ డెలివరీ కదా, మోసం ఏముంటుందిలే అనుకుంది. వాచీ పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. వంటింటి తూకం మీద పెట్టాం. కాసియో చెప్పే బరువు 51 గ్రాములు, ఇది 40 దాటలేదు. ఎడమవైపు వారాన్ని చూపించే చిన్న ముల్లు డయల్ మీద అతికించినట్టే ఉంది, బుధవారం రోజు కూడా ఆదివారం దగ్గరే నిలబడింది. వెనక మూత మీద చిన్న పెట్టెలో చెక్కి ఉండాల్సిన నంబరు 5611. దీని మీద ఇంకేదో ఉంది. పిల్లవాడి మొహం చూడలేకపోయాను.

ఆ రోజు నుంచి ఎవరైనా వాచీ లింకు పంపి "కొనమంటావా?" అని అడిగితే నేను వాచీ ఫోటో చూడటం మానేశాను. ఫోటోలు ఎటూ అసలు కంపెనీ ఫోటోలే, వాటిలో తేడా కనిపించదు. అమ్ముతున్నది ఎవరు, రేపు తేడా వస్తే వెనక్కి తీసుకునేది ఎవరు అని మాత్రమే చూస్తాను. ఆన్‌లైన్‌లో వాచీ కొనడానికి మనకున్న దారులన్నీ ఆ ఒక్క ప్రశ్నతోనే పోల్చి చెబుతాను.

బ్రాండ్ సొంత సైటు

భద్రతలో దీనికి మించింది లేదు. టైటాన్, కాసియో, టిస్సాట్, ఫాసిల్, సీకో లాంటి చాలా కంపెనీలు మన దేశంలో సొంత సైట్లలోనే అమ్ముతున్నాయి. బిల్లు కంపెనీ పేరు మీద వస్తుంది, వారంటీ గురించి వాదించాల్సిన పని ఉండదు. లోటు ధర దగ్గర ఉంటుంది. పండగ సేల్ రోజులు తప్పిస్తే దాదాపు ఎంఆర్‌పీకే కొనాలి.

ఇక్కడ ఒకే ఒక్క ప్రమాదం ఉంది, అది పెద్దది. సైటే నకిలీది కావచ్చు. బ్రాండ్ పేరు పక్కన "అవుట్‌లెట్", "సేల్", "ఆఫర్" అని తగిలించిన చిరునామాలతో, అచ్చం కంపెనీ సైటులా కనిపించే పేజీలు ప్రకటనల్లో తిరుగుతుంటాయి. ప్రకటన మీద నొక్కి వెళ్ళకండి. బ్రౌజర్‌లో మీరే చిరునామా టైప్ చేసి వెళ్ళండి. అన్ని మోడళ్ళూ ఒకేలా 80 శాతం తగ్గింపుతో కనిపిస్తే, సంప్రదించడానికి జీమెయిల్ ఐడీ తప్ప ఆఫీసు చిరునామా లేకపోతే, అక్కడ ఆగిపోండి.

రోలెక్స్ గురించి ఒక మాట. రోలెక్స్ తన కొత్త వాచీలను సొంత వెబ్‌సైటులో అమ్మదు, గుర్తింపు పొందిన షాపుల ద్వారానే అమ్ముతుంది. కాబట్టి "రోలెక్స్ అఫీషియల్ ఆన్‌లైన్ స్టోర్, కొత్త పీసు, 40 శాతం తగ్గింపు" అన్నది ఎక్కడ కనిపించినా ఇక ఏ పరీక్షా అక్కర్లేదు.

ఆథరైజ్డ్ డీలర్ల సైట్లు

నాకు బాగా నచ్చే దారి ఇదే. టైటాన్ వాళ్ళ హీలియోస్, ఖరీదైన స్విస్ వాచీలకు ఈథోస్, హైదరాబాదు వాళ్ళకు బాగా తెలిసిన కమల్ వాచ్ కంపెనీ, జస్ట్ ఇన్ టైమ్ లాంటివి. వీళ్ళకు షాపులూ ఉన్నాయి, ఆన్‌లైన్ అమ్మకమూ ఉంది. తేడా వస్తే తలుపు తట్టడానికి ఒక చోటు ఉండటమంటే మాటలు కాదు. పైగా బ్రాండ్ సైటులో దొరకని చిన్న తగ్గింపు ఇక్కడ అడిగితే దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో ధర చూసుకుని షాపుకి ఫోన్ చేసి "ఇంకేమైనా తగ్గిస్తారా?" అని అడగడంలో తప్పేమీ లేదు.

కానీ "మేం ఆథరైజ్డ్ డీలర్లం" అని ఎవరైనా రాసుకోవచ్చు. ఆ మాట డీలర్ సైటులో కాదు, బ్రాండ్ సైటులో చూడాలి. ప్రతి పెద్ద బ్రాండ్ సైటులోనూ "స్టోర్ లొకేటర్" అని ఉంటుంది. మీ ఊరు కొడితే షాపుల పేర్లు వస్తాయి. అందులో ఆ పేరు ఉంటేనే అతను ఆథరైజ్డ్. ఇంకో చిన్న విషయం. ఒక షాపు సీకోకి ఆథరైజ్డ్ అయినంత మాత్రాన టిస్సాట్‌కీ అయి ఉండాలని లేదు. మీరు కొనే బ్రాండ్‌కే చూసుకోండి.

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటి మార్కెట్‌ప్లేస్‌లు

మనలో ఎక్కువమంది కొనేది ఇక్కడే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

"అమెజాన్‌లో కొన్నా, నకిలీ ఎలా అవుతుంది?" అని చాలామంది అడుగుతారు. మన దేశంలో ఒక నిబంధన ఉంది. విదేశీ పెట్టుబడి ఉన్న ఈ-కామర్స్ కంపెనీ వాచీల్లాంటి సరుకును తానే నిల్వ చేసుకుని తన సొంత సరుకుగా మనకు అమ్మకూడదు. అమ్మేవాళ్ళకూ కొనేవాళ్ళకూ మధ్య వేదికగా మాత్రమే ఉండాలి. 2019 ఫిబ్రవరి నుంచి ఈ నిబంధన మరింత బిగిసింది. అంటే మీరు కొన్నది అమెజాన్‌లోనే గాని అమెజాన్ దగ్గర కాదు. సంత అతనిది, కొట్టు ఇంకొకరిది. అదే పేజీలో, అదే ఫోటో కింద, ఈ రోజు ఒక అమ్మకందారు, రేపు ఇంకొకరు ఉండొచ్చు.

అందుకే వాచీ పేజీ తెరవగానే ధర కింద "సోల్డ్ బై" అన్నచోట ఉన్న పేరు వెతకండి. ఆ పేరు మీద నొక్కితే అమ్మకందారు పేజీ తెరుచుకుంటుంది. ఈ-కామర్స్ నిబంధనలు 2020 ప్రకారం అమ్మకందారు పేరు, చిరునామా, కస్టమర్ కేర్ నంబరు వేదిక చూపించి తీరాలి. అక్కడ నేను చూసేవి ఇవి: పేరు కంపెనీదా లేక తలాతోకా లేని అక్షరాల కూర్పా, ఎంతకాలంగా అమ్ముతున్నారు, రేటింగులు ఎన్ని వచ్చాయి, ఇంకేమేం అమ్ముతున్నారు. వాచీలతో పాటు ఫోన్ కవర్లు, దోమల బ్యాట్లు, వంటింటి కత్తులు అమ్మేవారి దగ్గర నేను టిస్సాట్ కొనను.

"ఫుల్‌ఫిల్డ్" అనో "అష్యూర్డ్" అనో ముద్ర ఉంటే నిశ్చింత అని కొందరు నమ్ముతారు. సరుకు వాళ్ళ గోడౌన్ నుంచి బయలుదేరుతుందనో, ప్యాకింగూ డెలివరీ బాగుంటాయనో అది చెబుతుంది. లోపల ఉన్న వాచీ కంపెనీదే అని చెప్పదు. ఆ మాట ఇవ్వగలిగింది బ్రాండ్ ఒక్కటే. కాసియో, టైటాన్ లాంటి బ్రాండ్లకు ఈ సైట్లలో సొంత "బ్రాండ్ స్టోర్" పేజీలు ఉంటాయి. అక్కడి నుంచి వాచీ పేజీలోకి వెళ్ళడం మంచిదే, కానీ కార్టులో వేసేముందు అమ్మకందారు పేరు మరోసారి చూడండి. "ఇతర అమ్మకందారులు" అన్నచోట 400 రూపాయలు తక్కువ కనిపించి అటు నొక్కేస్తే అప్పటిదాకా పడ్డ శ్రమ పోయినట్టే.

రివ్యూలు చదివేటప్పుడు ఐదు నక్షత్రాలవి వదిలేయండి. ఒక నక్షత్రం ఇచ్చినవాళ్ళు పెట్టిన ఫోటోలు చూడండి. "డూప్లికేట్", "ఫేక్" అని రివ్యూల్లోనే వెతకండి. పది రివ్యూల్లో నాలుగు బూట్ల గురించో హెడ్‌ఫోన్ గురించో ఉంటే, అది పాత వస్తువు పేజీని మార్చి వాచీ పెట్టిన పేజీ.

తగ్గింపు చూసి అనుమానించాలా వద్దా అన్నది బ్రాండ్‌ను బట్టి మారుతుంది. ఫాసిల్ లాంటి ఫ్యాషన్ బ్రాండ్లు అధికారిక స్టోర్లలోనే సేల్ రోజుల్లో సగం ధరకు వస్తాయి, అది నిజమే. జీ-షాక్‌కి, సీకోకి అంత తగ్గదు. కొత్తగా వచ్చి బాగా గిరాకీ ఉన్న మోడల్‌కి ఇంకా తగ్గదు. పదుల వేల ఖరీదున్న టిస్సాట్ పీఆర్‌ఎక్స్ ఆటోమేటిక్ (సెల్లు లేకుండా చేతి కదలికతో నడిచే వాచీ) కొత్తది ఐదారు వేలకు ఎవరూ ఇవ్వలేరు, ఏ స్టాక్ క్లియరెన్సూ అంత కిందికి దిగదు.

మార్కెట్‌ప్లేస్‌కి ఉన్న నిజమైన బలం వాపసు. నాలుగు రోజుల్లోనో వారంలోనో వెనక్కి ఇచ్చేయొచ్చు, డబ్బు వేదిక చేతిలో ఉంటుంది. అందుకే అమ్మకందారు సరైనవారైతే ఇక్కడ కొనడానికి నేనేమీ భయపడను. వాచీ పేజీలో "రిటర్న్" అని ఉందా, "రీప్లేస్‌మెంట్ ఓన్లీ" అని ఉందా చూసుకోండి. నకిలీ వాచీకి బదులు ఇంకో నకిలీ వాచీ వస్తే మనకేం లాభం?

అమెరికా నుంచి తమ్ముడు తెస్తే

మన ఇళ్ళలో ఇది మామూలే. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఎవరో ఒకరు వస్తుంటారు, అక్కడ ధర తక్కువని ఒక వాచీ తెమ్మంటాం. అక్కడి పెద్ద స్టోర్లలోనో బ్రాండ్ సైటులోనో కొంటే నకిలీ భయం ఉండదు. కానీ అక్కడి డిస్కౌంట్ సైట్లలో చాలావరకు "గ్రే మార్కెట్" సరుకు. వాచీ అసలుదే, కానీ కంపెనీ నియమించిన డీలర్ చేతుల మీదుగా రాలేదు. అందువల్ల కంపెనీ వారంటీ బదులు ఆ సైటు వాళ్ళ సొంత వారంటీ ఇస్తారు. ఒంగోల్లో ఉన్న మీకు ఆ వారంటీ కాగితం వల్ల ఒరిగేదేమీ లేదు. టిస్సాట్ లాంటి వాటికి రెండేళ్ళ అంతర్జాతీయ వారంటీ ఉంది, ఆథరైజ్డ్ షాపు తేదీ వేసి ఇచ్చిన కార్డు ఉంటేనే అది చెల్లుతుంది. తమ్ముడికి ఫోన్ చేసినప్పుడు "బిల్లూ కార్డూ పారేయకురా" అని చెప్పండి. ఖరీదైన వాచీ అయితే కస్టమ్స్ పరిమితి దాటుతుందేమో కూడా ముందే చూసుకోమనండి.

అమెరికాలో ఉంటూ వాడిన వాచీలు కొనేవాళ్ళకు ఈబే 2020లో మొదలుపెట్టిన పరీక్ష పద్ధతి ఉంది. దాని కిందకు వచ్చే ఖరీదైన వాచీలు నేరుగా కొన్నవారికి వెళ్ళవు. మధ్యలో నిపుణులు చూసి సరే అన్నాకే ఇంటికి చేరతాయి. వాచీల అమ్మకానికే ఉన్న విదేశీ సైటు క్రోనో24 కూడా కొన్నవారి చేతికి వాచీ చేరేదాకా డబ్బును మధ్యలో పట్టి ఉంచుతుంది. ఇండియాకి నేరుగా తెప్పిస్తే దిగుమతి సుంకం, జీఎస్‌టీ మీద పడతాయని లెక్కలో వేసుకోండి. చివరికి ఇక్కడి డీలర్ ధరే నయమనిపించవచ్చు.

నాన్నగారి నాటి హెచ్ఎంటీ మీద మోజుంటే

ఇది నా మనసుకు దగ్గరైన సంగతి. హెచ్ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగళూరులో వాచీలు చేయడం మొదలుపెట్టింది. పెళ్ళికి హెచ్ఎంటీ పెట్టని ఇల్లు లేదన్న రోజులు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2016లో వాచీల కంపెనీ మూసివేతకు కేంద్రం నిర్ణయం తీసుకుంది. మూసివేత మాట బయటికి వచ్చినప్పటి నుంచే పాత వాచీలకు గిరాకీ పెరిగింది. గిరాకీతో పాటే మోసమూ పెరిగింది.

ఆన్‌లైన్‌లో 1,200కో 1,500కో "హెచ్ఎంటీ జనతా, మింట్ కండిషన్, 1970ల నాటిది" అని దొరికేవాటిలో చాలావరకు డయల్‌కి కొత్త రంగు వేసినవే. లోపలి యంత్రం హెచ్ఎంటీదే ఉండొచ్చు. డయల్ మాత్రం నిన్న మొన్న ముద్రించింది, ముళ్ళు ఇంకో వాచీవి, మూత మూడో వాచీది. ఆకుపచ్చ, నారింజ రంగులు మెరిసిపోతూ, డయల్ మీద మిలిటరీ గుర్తులో నాయకుల బొమ్మలో ఉంటే అది చాలావరకు ఫ్యాక్టరీలో పుట్టింది కాదు. అక్షరాల అంచులు ఫోటో పెద్దది చేసి చూడండి. అసలు ముద్రణ సన్నగా, తేటగా ఉంటుంది. రీడయల్‌లో, అంటే మళ్ళీ రంగు వేసి ముద్రించిన డయల్‌లో, సిరా పాకినట్టుంటుంది, నిమిషాల గీతలు అంకెలకు సరిగ్గా ఎదురుగా నిలబడవు. యాభై ఏళ్ళ వాచీ డయల్ మీద కాస్త పసుపు, చిన్న మచ్చ ఉండటం దాని వయసుకు తగ్గదే. అదే నాకు ఇష్టం. వెస్ట్ ఎండ్, ఫావ్రె-లూబా, పాత సీకో 5 పేర్లతో దొరికే వాటికీ ఇదే మాట వర్తిస్తుంది.

పాత వాచీ కొనాలంటే మూత తీసి లోపలి యంత్రం ఫోటో పంపమని అడగండి. పంపనివారి దగ్గర కొనవద్దు. సీకోలకు ఇంకో చిన్న పరీక్ష ఉంది. మూత మీద ఉండే ఆరంకెల సీరియల్ నంబరులో మొదటి అంకె తయారైన సంవత్సరంలో చివరి అంకె, రెండోది నెల. అక్టోబరుకి సున్నా (ఓ అక్షరంలా కనిపిస్తుంది), నవంబరుకి ఎన్, డిసెంబరుకి డి వేస్తారు. 1978 నాటిదని చెప్పిన వాచీ నంబరు 8తో మొదలుకాకపోతే కనీసం మూత మారిందని అర్థం. కొత్త హెచ్ఎంటీలే కావాలంటే, వాచీల కంపెనీ మూతపడినా మాతృసంస్థ హెచ్ఎంటీ తన సొంత సైటులో ఇప్పటికీ కొన్ని మోడళ్ళు అమ్ముతోంది.

ఇన్‌స్టా పేజీలు, వాట్సాప్ గ్రూపులు

వీటిని పోలికలో పెట్టాల్సిన పనే లేదు, కొనవద్దు. "ఫస్ట్ కాపీ", "7ఏ క్వాలిటీ", "మాస్టర్ కాపీ" అన్న మాటలన్నిటికీ అర్థం ఒక్కటే, నకిలీ. నకిలీల్లో మంచి నకిలీ అని ఒక తరగతి ఉన్నట్టు నమ్మించడానికి పుట్టిన పేర్లు అవి. ట్రేడ్ మార్క్స్ చట్టం 1999 ప్రకారం నకిలీ బ్రాండు వేసిన సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది.

"తెలిసే కొంటున్నాం, షోకి పెట్టుకోవడానికే కదా" అనే స్నేహితులు నాకూ ఉన్నారు. వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. ఆ రెండు మూడు వేలకే నిజమైన వాచీలు ఉన్నాయి. సొనాటా ఉంది, ఫాస్ట్‌ట్రాక్ ఉంది, టైటాన్‌లో చవక మోడళ్ళు ఉన్నాయి, 1989 నుంచి వస్తున్న కాసియో ఎఫ్-91డబ్ల్యూ రెండు వేల లోపే దొరుకుతుంది. వీటికి సెల్లు అయిపోతే ఏ ఊళ్ళోనైనా మారుస్తారు, నీళ్ళు పడితే సర్వీస్ సెంటర్ ఉంటుంది. మా మేనల్లుడి వాచీని మా వీధి చివర రిపేరు భాయ్ దగ్గరకు తీసుకెళ్తే మూత తీసి అద్దంలోంచి చూసి, "దీనికి విడిభాగాలు రావు బాబూ, ఆగిందంటే అంతే" అని మళ్ళీ మూసి ఇచ్చేశారు. మూత చుట్టూ నీళ్ళు ఆపే రబ్బరు రింగు కూడా లేదు. పైన మాత్రం 200 మీటర్ల లోతు నీళ్ళను తట్టుకుంటుందని రాసి ఉంది.

స్మార్ట్ వాచీల్లో కూడా ఇదే జరుగుతోంది. యాపిల్ వాచ్ అల్ట్రాలా కనిపించే రెండు వేల వాచీ ఆండ్రాయిడ్ ఫోన్‌కి కనెక్ట్ అయిందంటే చాలు, ఇంకేమీ చూడక్కర్లేదు. యాపిల్ వాచ్ ఐఫోన్‌తోనే జత కడుతుంది.

నా డబ్బయితే

మూడు వేల లోపు అయితే మార్కెట్‌ప్లేస్‌లోనే కొంటాను, అమ్మకందారు పేరూ రిటర్న్ గడువూ చూసుకుని. వంద రూపాయల తేడా కోసం తెలియని అమ్మకందారు దగ్గరకు పోను. ఎఫ్-91డబ్ల్యూ చవకది కదా, దానికి నకిలీ ఎందుకు చేస్తారు అనుకోకండి. ప్రపంచంలో విపరీతంగా నకిలీలు వచ్చే వాచీల్లో అదొకటి.

మూడు నుంచి ఇరవై వేల మధ్య, అంటే జీ-షాక్, సీకో, సిటిజన్, ఫాసిల్, టైటాన్ ఖరీదైనవి అయితే, బ్రాండ్ సైటు లేదా దాని బ్రాండ్ స్టోర్. సేల్ వచ్చేదాకా ఆగగలిగితే ఆగుతాను. ఈ ధరల్లోనే మనవాళ్ళు ఎక్కువగా మోసపోతున్నారు. అసలుది కొనేంత డబ్బు ఉంటుంది, కానీ రెండు వేలు మిగులుతాయన్న ఆశ లాగేస్తుంది.

ఇరవై వేలు దాటితే ఆథరైజ్డ్ డీలరే. లక్ష దాటితే ఆన్‌లైన్‌లో చూసి, షాపుకి వెళ్ళి చేతికి పెట్టుకుని, కార్డు మీద తేదీ, షాపు ముద్ర వేయించుకుని కొంటాను. హైదరాబాదుకో విజయవాడకో బస్సు చార్జీలు పెట్టుకుని వెళ్ళినా నష్టం లేదు. వాడిన ఖరీదైన వాచీ కావాలంటే ఈథోస్ వాళ్ళ సెకండ్ మూవ్‌మెంట్ లాంటి, పరీక్షించి సొంత వారంటీ ఇచ్చే చోటు తప్ప, ఓఎల్ఎక్స్‌లో ఫోటో చూసి అడ్వాన్స్ పంపను.

పార్సిల్ చేతికి వచ్చాక

కత్తెర పెట్టకముందే వీడియో మొదలుపెట్టండి. పార్సిల్ ఆరు వైపులా, లేబుల్ మీద మీ పేరూ ఆర్డర్ నంబరూ కనిపించాలి. మధ్యలో ఆపకుండా వాచీ మూత దాకా ఒకే వీడియోగా తీయండి. ఫ్లిప్‌కార్ట్ ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే తెరిచి చూశాకే ఓటీపీ చెప్పండి. డెలివరీ అబ్బాయి తొందర పెడతాడు, పాపం అతనికి అతని టెన్షన్ ఉంటుంది, అయినా ఓటీపీ ముందు చెప్పకండి.

పెట్టె మీద స్టిక్కరు చూడండి. దిగుమతి చేసిన వాచీ ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, నెల, సంవత్సరం ఉండాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. అది లేకపోతే గ్రే సరుకైనా అయి ఉండాలి, నకిలీ అయినా అయి ఉండాలి.

కాసియో అయితే వెనక మూత మీద పెట్టెలో ఉన్న మూడు నాలుగు అంకెల మాడ్యూల్ నంబరును కాసియో సైటులో మాన్యువల్ వెతికేచోట కొట్టండి. వచ్చిన మాన్యువల్‌లోని బొమ్మ మీ వాచీలా ఉండాలి, అందులో చెప్పిన ప్రతి బటన్ చెప్పిన పని చేయాలి. ఎఫ్-91డబ్ల్యూలో కుడివైపు బటన్ మూడు సెకన్లు నొక్కి ఉంచితే తెర మీద కాసియో పేరు వస్తుంది. రాకపోతే నకిలీ అని తేల్చుకోవచ్చు, వచ్చినంత మాత్రాన అసలుదని అనుకోవద్దు, దాన్ని కూడా కాపీ కొట్టినవాళ్ళున్నారు. క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ ఉన్న) వాచీ అయితే పక్క బటన్లు నొక్కి చిన్న డయళ్ళ ముళ్ళు కదులుతున్నాయా చూడండి. నకిలీల్లో చాలాసార్లు అవి ఉత్త బొమ్మలు. ఆటోమేటిక్ అని అమ్మిన వాచీలో సెకన్ల ముల్లు సెకనుకు ఒక్కసారి ఆగి ఆగి గెంతుతుంటే లోపల సెల్లుతో నడిచే యంత్రం ఉంది. అది జారుతున్నట్టు కదిలితే మాత్రం అసలుదని తీర్మానించలేం. ఈ రోజుల్లో నకిలీల్లోనూ ఆటోమేటిక్ యంత్రాలే పెడుతున్నారు. అనుమానం తీరకపోతే రిటర్న్ గడువు అయిపోకముందే కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళండి. అప్పటిదాకా ట్యాగు తెంపకండి, చైన్‌లో లింకులు తీయించకండి.

నకిలీ అని తేలితే ముందు వేదికలోనే ఫిర్యాదు పెట్టండి. "నచ్చలేదు" అని కాదు, "నకిలీ వస్తువు" అన్న కారణమే ఎంచుకోండి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం నకిలీ వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. వేదికకు ఫిర్యాదుల అధికారి ఉండాలి, 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కదలకపోతే 1915కి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. దొంగ సైటుకి డబ్బు కట్టినట్టయితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకుకి చెప్పి చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి, అడగండి. తెలియనివారికి యూపీఐలో పంపిన డబ్బుకు అలాంటి దారి దాదాపు లేదు. అందుకే కొత్త చోట కొనేటప్పుడు నేను కార్డే వాడతాను.

క్యాష్ ఆన్ డెలివరీ మనకు రక్షణ అన్నది మా అక్క ఒక్కతే కాదు, ఊరంతా నమ్మే మాట. కానీ డబ్బు ఇచ్చాకే కదా పార్సిల్ చేతికిచ్చేది! తెరిచేసరికి కొరియర్ అబ్బాయి వీధి దాటి ఉంటాడు. ఆ ఇన్‌స్టా పేజీ నెల తిరిగేలోపే మాయమైంది, ఫోన్ నంబరు పనిచేయలేదు. 1,899 రూపాయలు తిరిగి రాలేదు.

దసరాకి విజయవాడలో కాసియో సైటు చూపించిన షాపుకే వెళ్ళాం. మా అక్క ఈసారి వాచీ కంటే ముందు బిల్లు చదివింది. మేనల్లుడు కౌంటర్ దగ్గరే పెట్టె విప్పి మూత తిప్పాడు, 5611. టైమ్ నాలుగున్నర కావస్తోంది, ముళ్ళు అంకెల మీదే ఉన్నాయి. బటన్లు నొక్కాడు. రెండు ముళ్ళూ కదిలి పక్కకు వెళ్ళి నిలబడ్డాయి, కింద అంకెలు కనిపించాయి.